పిల్లాడు మూత తిప్పుతుంటే: వీడియో కాల్ సాయంతో ఇంట్లోనే థెరపీ ఎలా చేయాలి

స్టీలు గిన్నె మూతని గచ్చు మీద నిలబెట్టి వేలితో తిప్పితే మొదట నిదానంగా తిరుగుతుంది. పడిపోయే ముందు అంచు నేలకి వాలుతూ, చప్పుడు దగ్గర దగ్గరగా పడుతూ, టక్కున ఆగిపోతుంది. మా బాబు మూడున్నరేళ్ళప్పుడు చెంప నేలకి ఆనించి ఆ ఆఖరి క్షణం కోసమే చూసేవాడు. ఆగగానే మళ్ళీ తిప్పేవాడు. పొద్దున్న లేచింది మొదలు అదే పని. పిలిస్తే పలికేవాడు కాదు, అన్నం పెడతానన్నా లేచేవాడు కాదు. మూత లాక్కుంటే తల గోడకేసి కొట్టుకునేవాడు. "గుంటడికేటి తెలుస్తాదే, మూతిచ్చీయ్, ఊరుకుంటాడు" అనేది మా అత్త. ఇచ్చేసేదాన్ని.

మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. ఆటిజం అని, అంటే మాట, నలుగురితో కలవడం కష్టమై, ఒకే పని పదే పదే చేసే ఎదుగుదల సమస్య అని తెలిశాక వారానికి ఒకసారి పాసింజర్ రైలెక్కి విశాఖపట్నం వెళ్ళేవాళ్ళం. థెరపీ ముప్పావు గంట, ప్రయాణం రోజంతా. రైలు కూతకి, జనానికి బెదిరిపోయి బాబు అక్కడికి చేరేసరికే అలసిపోయేవాడు. అక్కడి గదిలో థెరపిస్ట్ చేయించినవి ఇంట్లో నాతో చేసేవాడు కాదు. తర్వాత వీడియో కాల్ పద్ధతికి మారాం. అందులో థెరపిస్ట్ ఫోన్‌లో ఉంటుంది, పిల్లాడి పక్కన కూర్చుని చేసేది మనమే. మొదట్లో నాకిది నాసిరకం వైద్యంలా అనిపించింది. కానీ బాబు మూత తిప్పేది మా వంటింటి ముందు గచ్చు మీద. ఆ గచ్చు మీద వాడితో రోజంతా ఉండేది నేను. అందుకే నేర్చుకోవాల్సింది నేనే.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నాలాగే బస్సులూ రైళ్ళూ మారి తిరిగే అమ్మానాన్నల కోసం, రెండు నుంచి ఆరేళ్ళ లోపు పిల్లల్ని మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. థెరపిస్ట్ నేర్పినదీ, నేను చేసి చూసినదీ చెబుతాను.

మొదట డాక్టర్ దగ్గరికి

థెరపీ కంటే ముందు ఒక్కసారైనా పిల్లల డాక్టర్‌కి నేరుగా చూపించండి. ఒకే పని పదే పదే చేయడం వెనక కొన్నిసార్లు ఒంట్లో బాధ ఉంటుంది, చెప్పుకోవడానికి పిల్లాడికి మాట ఉండదు. ఉన్నట్టుండి తల కొట్టుకోవడం మొదలైతే చెవిపోటు, పంటినొప్పి, మలబద్ధకం ఉన్నాయేమో చూడమనండి. మట్టి, సుద్ద, గోడ పెచ్చులు తింటుంటే రక్తహీనత పరీక్ష అడగండి. పిలిస్తే పలకని పిల్లాడికి వినికిడి పరీక్ష తప్పనిసరి. నిద్రలోనే చేయగలిగే బెరా పరీక్ష ఉంది, పిల్లాడు సహకరించకపోయినా పని జరుగుతుంది.

ఇంకొకటి జాగ్రత్తగా గమనించండి. పిల్లాడు ఒకేచోట కొయ్యబారినట్టు చూస్తూ ఉండిపోయినా, చేతులు కాళ్ళు ఉలిక్కిపడినట్టు అదిరినా, ఆ సమయంలో మీరు ముట్టుకున్నా ఈ లోకంలోకి రాకపోయినా ఫోన్‌లో వీడియో తీసి డాక్టర్‌కి చూపించండి. ఆటిజం ఉన్న పిల్లల్లో ఫిట్స్ వచ్చే అవకాశం మామూలు కంటే ఎక్కువ. దాన్ని అలవాటు అనుకుని వదిలేస్తే ప్రమాదం.

థెరపిస్ట్‌ని వెతకడం

స్పీచ్ థెరపిస్ట్, స్పెషల్ ఎడ్యుకేటర్, క్లినికల్ సైకాలజిస్ట్ ఎవరైనా సరే ముందు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఈ పనులు చేసేవాళ్ళని నమోదు చేసే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అడగడానికి మొహమాటపడకండి, చదువుకున్న మనిషి సంతోషంగానే చెబుతారు. ఆ తర్వాత నేనైతే రెండే ప్రశ్నలు అడుగుతాను. "సెషన్‌లో మీరు బాబుతో మాట్లాడతారా, నాకు నేర్పిస్తారా?" "నేను చేస్తుంటే చూసి అప్పటికప్పుడు సరిచేస్తారా?" మూడేళ్ళ పిల్లాణ్ణి ఫోన్ ముందు కూర్చోబెట్టి అవతలి నుంచి బొమ్మలు చూపించే పద్ధతి వల్ల మా బాబుకి ఫోన్ మీద పిచ్చి పెరిగింది తప్ప ఏమీ రాలేదు. నేను మొదట చేరిన చోట అలాగే నెల రోజుల డబ్బు పోయింది.

పూర్తిగా తగ్గిస్తామనీ, ఆరు నెలల్లో మామూలు పిల్లాడైపోతాడనీ చెప్పేవాళ్ళ దగ్గర ఆగకండి. స్టెమ్ సెల్ (మూలకణాల) వైద్యం పేరుతో లక్షలు అడిగేవాళ్ళు మన ఊళ్ళ దాకా వచ్చేశారు. ఆటిజానికి ఆ వైద్యాన్ని సిఫారసు చేయడం లేదని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. పొలం అమ్మే ముందు ఈ మాట గుర్తుంచుకోండి.

డబ్బు ఇబ్బందిగా ఉంటే మీ అంగన్‌వాడీ టీచర్‌ని, ఆశా కార్యకర్తని అడగండి. పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లల్ని పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఎదుగుదల సమస్యలున్న పిల్లల్ని జిల్లా స్థాయి కేంద్రానికి పంపిస్తారు. అక్కడ చూపించుకుని, మధ్య మధ్యలో వీడియో కాల్‌లో మాట్లాడే వీలుందేమో అడగండి.

ఫోన్ ఎక్కడ పెట్టాలి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ మా మొదటి మూడు సెషన్లు దీనివల్లే పాడయ్యాయి. బాబు రోజూ పాటలు చూసే ఫోనే వాడాను. థెరపిస్ట్ మొహం కనిపించగానే పాటలు పెట్టమని ఏడుపు. కాబట్టి వాడు చూడని ఫోన్ వాడండి. లేదంటే తెర గోడ వైపు తిప్పి, వెనక కెమెరా మీ వైపు ఉండేలా పెట్టండి. థెరపిస్ట్‌కి మీరిద్దరూ కనిపిస్తే చాలు, పిల్లాడికి థెరపిస్ట్ కనిపించాల్సిన పని లేదు.

స్టాండు అక్కర్లేదు. నేను బియ్యం డబ్బాకి ఆనించి, కింద తడిగుడ్డ మడతపెట్టి నిలబెట్టేదాన్ని, జారేది కాదు. నేల మీద కూర్చున్న పిల్లాడి ఎత్తుకి ఫోన్ ఉండాలి. వెలుతురు మీ వెనక నుంచి కాకుండా ముందు నుంచి పడాలి. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. దీనివల్ల ఎంత మేలో చెప్పలేను. థెరపిస్ట్ గొంతు నాకు ఒక్కదానికే వినిపిస్తుంది, బాబుకి ఇంట్లో ఉన్నది అమ్మ ఒక్కతే.

సిగ్నల్ సరిగ్గా లేని ఊళ్ళో, కరెంటు పోయే కాలంలో ప్రతి కాల్ నిలబడదు. అప్పుడు రెండు నిమిషాల వీడియో తీసి పంపి, తర్వాత మామూలు ఫోన్‌లో మాట్లాడుకోండి. నా అనుభవంలో ఇది కూడా బాగానే పనిచేసింది. పైగా మామూలు రోజున తీసిన వీడియోలో పిల్లాడు ఉన్నట్టే ఉంటాడు. ఒక్క జాగ్రత్త: ఆ వీడియోలు బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, స్నానం, బట్టలు మార్చడం లాంటివి అసలు తీయకండి. థెరపిస్ట్ ఆ వీడియోలు ఎక్కడ దాస్తారో, ఎప్పుడు చెరిపేస్తారో ముందే అడగండి.

ఒక నోటుబుక్, ఒక్క అలవాటు

పిల్లాడు చేతులు ఆడిస్తాడు, గిరగిరా తిరుగుతాడు, చెప్పులు వరసగా పేరుస్తాడు, నీలం గ్లాసులో పోస్తేనే చోడి (రాగి) అంబలి తాగుతాడు, దారి మారితే ఏడుస్తాడు. అన్నీ ఒకేసారి మార్చాలనుకుంటే మీరూ పిల్లాడూ ఇద్దరూ అలిసిపోతారు. థెరపిస్ట్‌తో కూర్చుని వాటిని మూడు రకాలుగా విడగొట్టండి.

కొన్ని అసలు ముట్టుకోనివి. మా బాబు నాన్న గొంతు వినగానే చేతులు రెక్కల్లా ఆడిస్తాడు. అది వాడి సంతోషం. ఎవరికీ దెబ్బ తగలదు, ఏ పనికీ అడ్డం కాదు. పెద్దయిన ఆటిజం మనుషులు ఎంతోమంది చెప్పేదీ ఇదే: ఇలా చేయడం వల్ల ఒళ్ళు కుదుటపడుతుంది, బలవంతంగా ఆపిస్తే లోపల నరకంగా ఉంటుంది అని. పెళ్ళిళ్ళలో నలుగురూ చూస్తున్నారని ఆ చేతులు పట్టుకుని కిందకి దించిన రోజులు నాకున్నాయి. ఆ తప్పు మీరు చేయకండి.

కొన్ని చోటూ వేళా మార్చాల్సినవి. గిరగిరా తిరగడం పెరట్లో అయితే ఆట, మెట్ల దగ్గర అయితే ప్రమాదం.

కొన్ని మార్చక తప్పనివి. దెబ్బ తగిలేవి, తిండీ నిద్రా చెడగొట్టేవి, రోజులో ఇంకేమీ నేర్చుకోవడానికి సందు లేకుండా తినేసేవి. మాకు మూత ఈ మూడో రకం. మూత తప్పని కాదు, మూత తప్ప మరేమీ లేకపోవడం వల్ల.

ఎంచుకున్న ఆ ఒక్కదాని గురించి వారం రోజులు రాయండి. ఏమీ మార్చకండి, రాయడమే. ఎన్ని గంటలకి మొదలైంది, దానికి ముందు ఇంట్లో ఏం జరిగింది, ఎంతసేపు చేశాడు, ఎలా ఆగింది, ఆగాక వాడికి ఏం దొరికింది. రెండు ముక్కల్లో రాస్తే చాలు. "పొ. 8.10, కుక్కర్ పెట్టాను, 20 ని., అత్త ఎత్తుకుంది." ఇంతే.

ఈ వారం నాకు కళ్ళు తెరిపించింది. వారం ఆఖర్లో పేజీలు ఫొటో తీసి పంపితే థెరపిస్ట్ అడిగిన మొదటి మాట, "అమ్మా, ఇందులో కుక్కర్ ఎన్నిసార్లు ఉందో చూశారా?" అని. చూశాను. రాసినవాటిలో సగానికి పైగా కుక్కర్ పక్కనే ఉన్నాయి. విజిల్ వేసే ముందు ఆవిరి బుసకొడుతుంది కదా, ఆ శబ్దానికే బాబు పరిగెత్తుకెళ్ళి మూత తీసుకునేవాడు. మూత చప్పుడులో విజిల్‌ని ముంచేసుకుంటున్నాడు. ఏడాది పాటు దాన్ని నేను మొండితనం అనుకున్నాను.

మీ పిల్లాడికి కారణం వేరే ఉంటుంది. ఏమీ తోచక చేయొచ్చు, అలసిపోయి చేయొచ్చు, చేస్తే మీరు పరిగెత్తుకొస్తారని చేయొచ్చు, పలక మీద రాయమన్న పని తప్పుతుందని చేయొచ్చు, ఊరికే హాయిగా ఉందని చేయొచ్చు. కారణం తెలిశాక సగం పని వాతావరణాన్ని మార్చడంలోనే అయిపోతుంది. నేను కుక్కర్‌ని వెనక వసారాలోకి మార్చాను. పెట్టే ముందు "కుక్కర్, చప్పుడు వస్తుంది" అని చెప్పి, వాడి రెండు చేతులు చెవుల మీద పెట్టి చూపించేదాన్ని.

పక్కన చేరడం

ఇక అసలు పని. దీనికి మీ దగ్గర రోజుకి పది నిమిషాలు, రెండు మూడు సార్లు ఉంటే చాలు. పిల్లాడి కడుపు నిండి, నిద్ర తీరి ఉన్న వేళ చూసుకోండి.

మూత లాక్కోకండి. రెండో మూత తెచ్చుకోండి. పిల్లాడికి ఎదురుగా, వాడి ఎత్తులో నేల మీద కూర్చోండి. వాడు తిప్పితే మీరూ తిప్పండి. మాట్లాడకండి. నేనిలా కూర్చున్న మొదటి సెషన్‌లో థెరపిస్ట్ చెవిలో చెప్పిన మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి. "అమ్మా, పేరు పెట్టి పిలవకండి. చెయ్యి వెనక్కి తీసుకోండి. వాడు ఆపితే మీరూ ఆపండి. ఇప్పుడు మనసులో పది లెక్కపెట్టండి." ఏడో అంకె దగ్గర బాబు తల ఎత్తి నా మూత వైపు చూశాడు. తర్వాత నా వైపు. అర సెకను కూడా ఉండదు. మూత ఆటలో వాడు నన్ను చూడడం అదే మొదటిసారి.

కొన్ని రోజులు ఇలాగే ఉండనివ్వండి. తొందరపడి బేగి నేర్పించేయాలని చూస్తే మొత్తం చెడుతుంది. మీరు పక్కన కూర్చుంటే పిల్లాడు మూత తీసుకుని దూరం జరగడం మానేశాడంటే తర్వాతి మెట్టుకి వెళ్ళొచ్చు.

తర్వాతి మెట్టు చిన్న మార్పు. ఎంత చిన్నదంటే వాడు ఒప్పుకోగలిగినంత. మూత తిప్పే ముందు "ఒకటి, రెండు..." అని ఆగండి. వాడు చూస్తే "మూడు!" అని తిప్పండి. నాలుగు రోజులకి బాబు నేను ఆగినచోట నా మొహం చూడడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత మూతకి బదులు బొంగరం పెట్టాం. తర్వాత బండి చక్రం. తర్వాత ఒకసారి నువ్వు, ఒకసారి నేను. ఈ ఒకసారి-నువ్వు-ఒకసారి-నేను దగ్గర పది రోజులు ఆగిపోయాం, మూత నా చేతికి ఇవ్వడానికి ససేమిరా అన్నాడు. థెరపిస్ట్ వీడియో చూసి, "మీ వంతు ఎక్కువసేపు ఉంది. ఒక్క సెకను తిప్పి వెంటనే ఇచ్చేయండి" అంది. అలా చేశాను, ఇచ్చాడు. ఇస్తే తిరిగి వస్తుందని వాడికి నమ్మకం కలగాలి, అంతే.

పిల్లాడు కొత్తగా ఏం చేసినా వెంటనే మెచ్చుకోండి. కానీ వాడికి నచ్చిన తీరులో. మా వాడికి చప్పట్లు పడవు, వీపు మీద గట్టిగా నిమిరితే నవ్వుతాడు. ఒకే పద్ధతిలో కాకుండా కొత్త పద్ధతిలో ఆడినప్పుడు ఎక్కువ సంతోషం చూపించండి.

వాడు మళ్ళీ మూతలోనే మునిగిపోతే అరవకుండా, వాడి చేతి దగ్గర మీ చెయ్యి మెల్లగా పెట్టి ఆపి, వెంటనే చేయగలిగిన ఇంకో పని చూపించండి. "బొంగరం ఇయ్యి" అనో, "బుట్టలో వెయ్యి" అనో. చేయకపోతే చెయ్యి పట్టి చేయించి, మెచ్చుకుని, మూత ఇచ్చేయండి. ఆపడం ఒక్కటే చేసి ఇంకో దారి చూపించకపోతే ఏడుపు తప్ప ఏం మిగలదు. చేతిలో చెయ్యి వేయగానే ఒళ్ళు బిగుసుకుని భయపడే పిల్లలకి ఇది వద్దు, థెరపిస్ట్‌తో వేరే దారి మాట్లాడండి.

ఇలా తల్లిదండ్రుల చేతే చేయించే పద్ధతి కొత్తగా పుట్టుకొచ్చింది కాదు. అమెరికాలోని నార్త్ కరోలినాలో బ్రయాన్ బోయిడ్ అనే పరిశోధకుడి బృందం కొద్దిమంది పిల్లల కుటుంబాలతో చేసి 2011లో ప్రచురించింది, ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో తల్లిదండ్రుల గ్రూపుకి నేర్పించి చూశారు. 1943లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు ఆటిజం ఉన్న పదకొండు మంది పిల్లల గురించి రాసినప్పుడే అంతా ఒకేలా ఉండాలన్న పట్టుదల వాళ్ళలో కనిపించిందని చెప్పాడు. మాట రావడం మీద జరిగినంత పని ఈ అలవాట్ల మీద జరగలేదు. అందుకే ఏది చేసినా మీ నోటుబుక్‌లో అంకెలు చూసుకుంటూ చేయాలి.

గ్లాసు, దారి, చొక్కా

వస్తువు తిప్పడం ఒక రకం, "ఇలాగే ఉండాలి" అన్న పట్టుదల ఇంకో రకం. రెండో దానికి ఇంకా ఓపిక కావాలి. ఎందుకంటే ఇక్కడ పిల్లాడికి మార్పంటే భయం.

నీలం గ్లాసు సంగతి చెబుతాను. మొదట నీలం గ్లాసు పక్కన ఖాళీ స్టీలు గ్లాసు పెట్టాను. మూడు రోజులు ఊరికే ఉంది. తర్వాత స్టీలు గ్లాసులో ఒక్క గుక్క అంబలి, మిగతాది నీలం దాంట్లో. ఒక్క గుక్క తాగితే నీలం గ్లాసు వెంటనే చేతికి. తర్వాత రెండు గుక్కలు. నెలకి స్టీలు గ్లాసుకి అలవాటు పడ్డాడు. నీలం గ్లాసు దాచేయలేదు, ఇప్పటికీ రాత్రిపూట అందులోనే నీళ్ళు తాగుతాడు.

ఏ మార్పుకైనా ముందే చెప్పడం అలవాటు చేసుకోండి. మాటలు తక్కువ, బొమ్మ ఎక్కువ. అట్టముక్క మీద రెండు ఫొటోలు అతికించి "ముందు స్నానం, తర్వాత మూత" అని చూపించండి. పని అవ్వగానే ఫొటో తిప్పేసి "అయిపోయింది" అనండి. ఎప్పుడూ అదే మాట, ఇంట్లో అందరూ అదే మాట. మన ఇంట్లో మాట్లాడే తెలుగులోనే అనండి. పిల్లాడికి ఒకే భాష రావాలని, అది ఇంగ్లీషే అవ్వాలని ఎవరైనా చెబితే వినకండి. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లల మాట వెనకపడదని పరిశోధనలు చెబుతున్నాయి. అమ్మకి నోటికొచ్చిన భాషలోనే ముద్దూ మాటా సహజంగా వస్తాయి.

పండగలప్పుడు మరింత ముందు నుంచి మొదలుపెట్టాలి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి విజయనగరంలో ఆ జనంలోకి, ఆ డప్పుల్లోకి పిల్లాణ్ణి సరాసరి తీసుకెళ్తే ఆ రాత్రంతా తల కొట్టుకోవడమే. మేము వారం ముందు నుంచి ఫోన్‌లో డప్పు వీడియో చిన్న శబ్దంతో వినిపించాం. చప్పుడు తగ్గించడానికి చెవులకి పెట్టే ఇయర్‌మఫ్‌లు కొన్నాం. పొద్దున్నే జనం తక్కువగా ఉన్నప్పుడు అమ్మవారికి దండం పెట్టుకుని వచ్చేశాం. పూజారి సిరిమాను ఎక్కే వేళకి ఇంట్లో ఉన్నాం. చుట్టాలు నొచ్చుకున్నారు, బాబు మాత్రం ఆ రాత్రి హాయిగా పడుకున్నాడు.

ఏడుపు పెరిగే రోజులు

ఏదైనా మార్చడం మొదలుపెట్టిన మొదటి వారం పది రోజులు అలవాటు తగ్గడానికి బదులు పెరగొచ్చు. ఇన్నాళ్ళూ పనిచేసిన పద్ధతి ఇప్పుడెందుకు పనిచేయడం లేదో వాడికి తెలియక గట్టిగా ప్రయత్నిస్తాడు. ఆ రోజుల్లోనే మనం చేతులెత్తేస్తాం. థెరపిస్ట్‌ని ముందే అడిగి, ఆ వారంలో ఒక కాల్ అదనంగా పెట్టించుకోండి.

ఒకటి మాత్రం వేరు చేసి చూడండి. కావాల్సింది ఇవ్వలేదని ఏడ్చే పిల్లాడు మధ్యలో మీరు చూస్తున్నారా అని చూస్తాడు. శబ్దాలూ మార్పులూ తట్టుకోలేక కూలిపోయిన పిల్లాడికి ఎవరు చూస్తున్నారో కూడా తెలియదు. అప్పుడు పాఠం వద్దు. లైటు ఆపేయండి, జనాన్ని బయటికి పంపండి, తల కింద దిండు పెట్టండి, మాట్లాడకుండా పక్కన కూర్చోండి. మూత కావాలంటే ఇవ్వండి.

రక్తం వచ్చేలా కొరుక్కోవడం, తలకి దెబ్బలు తగలడం, కళ్ళలో వేళ్ళు గుచ్చుకోవడం ఉంటే వీడియో కాల్ మీద ఆధారపడకండి. నేరుగా చూపించండి. తిండి బాగా తగ్గిపోయి బరువు పడిపోతున్నా అంతే.

మిగతా ఇల్లు

మా ఆయన పని మీద హైదరాబాద్‌లో ఉంటాడు. విశాఖ తిరిగిన రోజుల్లో ఆయనకి బాబు థెరపీ అంటే నేను ఫోన్‌లో చెప్పే నాలుగు ముక్కలే. వీడియో కాల్‌లో ఆయన కూడా మూడో మనిషిగా చేరాడు. సెలవుకి ఇంటికి వచ్చినప్పుడు "ఒకటి, రెండు..." అని ఎక్కడ ఆగాలో ఆయనకి తెలుసు. మన జిల్లాల్లో మగవాళ్ళు ఎంతమంది చెన్నైలోనో, గల్ఫ్‌లోనో, గుజరాత్‌లోని వేరావల్‌లో చేపల పడవల మీదో ఉంటారు. సెషన్ వేళ వాళ్ళకి కుదిరేలా పెట్టమని అడగండి.

అత్తమామల్ని ఒప్పించడానికి నేను చాలా వాదించాను, ఏ వాదనా పనిచేయలేదు. ఒకరోజు మా అత్తని పక్కన కూర్చోబెట్టుకుని పాత వీడియో, కొత్త వీడియో ఒకదాని తర్వాత ఒకటి చూపించాను. ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు మూత ఇచ్చే ముందు "ఒకటి... రెండు..." అంటూ ఆగడం విన్నాను.

మీ సంగతి కూడా చూసుకోండి. నిద్ర పట్టకపోయినా, ఏడుపు ఆగకపోయినా, పిల్లాడి మీద చెయ్యి చేసుకుంటానేమో అని భయం వేసినా 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలి మానస్ లైను, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. నేను ఒక రాత్రి చేశాను.

కాగితాల పని త్వరగా ముగిస్తాను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. గ్రామ సచివాలయంలో సదరం శిబిరానికి (వైకల్య ధ్రువపత్రం ఇచ్చే చోటు) స్లాట్ బుక్ చేయించుకోండి, యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) కూడా అడగండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంటుంది, థెరపీ ఖర్చులు కూడా అందులోకి వస్తాయి. బిల్లులన్నీ దాచండి.

నాలుగు వారాలకి, ఎనిమిది వారాలకి

నాలుగు వారాలకి ఒకసారి మొదటి వారం రాసినట్టే మళ్ళీ వారం రాసి పక్కపక్కన పెట్టి చూడండి. మూత తిప్పిన నిమిషాలు తగ్గాయా అన్నదొక్కటే చూడకండి. ఆపితే ఎంతసేపు ఏడుస్తున్నాడు, మిమ్మల్ని ఎన్నిసార్లు చూస్తున్నాడు, కొత్త వస్తువులు ఎన్ని ముట్టుకున్నాడు అన్నవి కూడా చూడండి. మాకు నాలుగు వారాలకి నిమిషాలు పెద్దగా తగ్గలేదు, ఏడుపు మాత్రం సగానికి వచ్చింది. ఎనిమిది వారాలకి కూడా ఏ వరసలోనూ కదలిక లేకపోతే పద్ధతి మార్చమని అడగండి, లేదా థెరపిస్ట్‌ని మార్చండి. పిల్లాణ్ణి తప్పుపట్టకండి.

మూత ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. రోజుకి రెండుసార్లు, సాయంత్రం ఎక్కువగా, తిప్పుకుంటాడు. కుక్కర్ బుసకొడితే చెవులు తనే మూసుకుని నా దగ్గరికి వస్తాడు. బస్టాండుకి రావి చెట్టు దారిలో తప్ప వెళ్ళనంటున్నాడు, దానికోసం సోమవారం నుంచి కొత్త పేజీ మొదలుపెట్టాను. రెండు రోజులు రాశాను. రెండు రోజులూ చెట్టు కింద మేకలు కట్టి ఉన్నాయి.